సైకిళ్లకు మోటార్లు బిగించే చేతులకు రక్షణ ఏదీ?

సంపాదకులకు,

అయ్యా,

కావలి, అల్లూరు, విడవలూరు ప్రాంతాల్లో రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవారు, ఇంటింటికీ పాలు పోసేవారు పాత సైకిళ్లకే మోటారు బిగించుకుని తిరగడం ఇటీవల కనిపిస్తోంది. తక్కువ ఖర్చుతో పని జరుగుతున్నందుకు సంతోషమే. కానీ ఆ మోటార్లు బిగించే షాపుల్లోని కుర్రవాళ్ల చేతులు చూస్తే బాధ కలుగుతోంది. నలిగి నల్లబడిన గోళ్లు, పానా జారి తోలు లేచిన వేళ్ల కణుపులు, సైలెన్సర్ తగిలి కాలిన మచ్చలు వారికి మామూలైపోయాయి. పనన్నాక దెబ్బలు తగలవా అని యజమానులు తేలికగా తీసిపారేయడాన్ని, ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పి రిటైరైన నేను ఒప్పుకోలేను.

నేను చూసినంతలో ఈ దెబ్బలు బిగించేటప్పటికంటే బిగించాక సరిచూసేటప్పుడే ఎక్కువగా తగులుతున్నాయి. సైకిల్‌ను స్టాండు వేసి, వెనుక చక్రం తిరుగుతుండగానే చైనును గుడ్డ పీలికతో తుడుస్తారు. చైను పళ్లచక్రం మీదికి ఎక్కే చోట ఆ పీలిక కొస చిక్కుకుందంటే, వదిలేద్దామనుకునేలోపే వేళ్లను కూడా పళ్ల మధ్యకు లాగేస్తుంది. పెట్రోలు ఇంజిన్ నడుస్తుంటే చప్పుడైనా వినిపిస్తుంది. బ్యాటరీ మోటారుకు ఆ హెచ్చరిక కూడా లేదు. ఆగి ఉందనుకుని పుల్లల మధ్య చెయ్యి పెట్టినప్పుడు పక్కనున్నవారు యాక్సిలరేటర్ తాకినా చాలు, చక్రం గిర్రున తిరుగుతుంది. కాబట్టి చక్రం దగ్గర చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం, చైనును చక్రం ఆపాకే తుడవడం అలవాటు కావాలి. వేలి ఉంగరాన్ని, చేతి కడియాన్ని కూడా పనికి ముందే తీసి పెట్టాలి. 36 వోల్టుల బ్యాటరీ షాక్ కొట్టదని ధీమాగా ఉంటారు గానీ, దాని రెండు కొసలకూ ఉంగరం ఒక్కసారిగా తగిలితే క్షణంలో ఎర్రగా కాగి వేలిని చుట్టూ కాల్చేస్తుంది.

దెబ్బ తగిలాక జరిగేది మరింత విచారకరం. గ్రీజు పోవాలని గాయమైన చేతినే పెట్రోలుతో కడుక్కుంటారు, కాలిన చోట టూత్‌పేస్టు రాస్తారు. పెట్రోలు చర్మాన్ని పగులగొట్టి గాయాన్ని మంట పుట్టిస్తుందే తప్ప శుభ్రం చేయదు. తెగిన గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టాలి. కాలిన చేతిని 20 నిమిషాల పాటు కుళాయి ధార కింద ఉంచాలి. గ్రీజు గన్ను ముక్కు వేలికి ఆనించి నొక్కినప్పుడు పడిన రంధ్రం సూదిమొనంతే కనిపించినా, లోపలికి దూరిన గ్రీజు వేలినే పోగొట్టగలదు కనుక నొప్పి లేకున్నా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని చాలామంది నమ్మకం. ఆ క్రిములు ఉండేది మట్టిలో, పేడలో. గుంటల గట్ల బురద, వీధుల దుమ్ము అంటిన సైకిళ్లను బాగుచేసే చేతులకు ఆ ముప్పు ఎప్పుడూ ఉంటుంది. చిన్నప్పటి టీకాలతోపాటు 10, 16 ఏళ్లప్పుడు వేసే టీకాలు కూడా పూర్తయినవారికైనా, మట్టి అంటిన గాయమైతే చివరి టీకా తర్వాత 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించాలి.

ఇక 250 వాట్ల లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్ల వేగం మించని బ్యాటరీ సైకిల్‌కు నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంటే రోడ్డెక్కే ముందు ఆ బండిని పరీక్షించేది దాన్ని బిగించిన కుర్రవాడొక్కడే. అతని చేతులను కాపాడే బాధ్యత యజమానిది. మోటారు కిట్లు అమ్మేవారు వాటితోపాటు చైను కవరును, తెలుగులో ముద్రించిన జాగ్రత్తల కాగితాన్ని తప్పక ఇవ్వాలి. ప్రతి షాపులో సబ్బు, నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఉండేలా కార్మిక శాఖ అధికారులు చూడాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది ఈ షాపుల కుర్రవాళ్లకు టీకాలు వేసే కార్యక్రమాన్ని ఒక ఆదివారం చేపట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ఐటీఐ శిక్షకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.