కొల్లేటి నుంచి చాంతాడంత ఉత్తరం

శీనుగా,

ఎలా ఉన్నావ్ రా? కొల్లేటి చాంతాడంత ఉత్తరం రాయమన్నావ్ కదా, ఆ కొల్లేటి ఒడ్డునే కూర్చుని రాస్తున్నా, పొడుగైతే తిట్టుకోకు. కొల్లేటి నీళ్ళ మీద పీహెచ్‌డీ కోసం కైకలూరులో గది తీసుకుని మూణ్నెల్లయింది. రోజూ తెల్లారగట్ల నాలుగింటికి లేస్తున్నా అంటే నమ్ముతావా? హాస్టల్లో నువ్వు నెత్తిన నీళ్ళు పోసినా లేచేవాణ్ణి కాదు! ఏంటంటే రాత్రంతా నాచూ మొక్కలూ నీళ్ళలో ఆక్సిజన్ వాడేసుకుంటాయి, మళ్ళీ ఎండొస్తే గానీ తయారు చెయ్యవు, అందుకే పొద్దుపొడవక ముందే శాంపిల్ పట్టాలి. సీసాలో రెండు మందులు వేస్తే ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో గోధుమరంగు తెట్టు దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. మొన్న గుర్రపుడెక్క కింద పట్టిన సీసా అచ్చం విరిగిన పాలే రా. పైనేమో ఊదా పూలు, జనం సెల్ఫీలు.

దోనె నడిపే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. నేను మందు వెయ్యకముందే దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూసి "ఇది చచ్చిన నీరు బాబూ" అంటాడు. పదకొండు సీసాల్లో తొమ్మిది ఆయన చెప్పినట్టే వచ్చాయి, ఇంక నా పీహెచ్‌డీ దేనికో! వాళ్ళ నాన్న దోనె మీంచి చెయ్యి పెట్టి ఈ నీళ్ళే తాగేవాడట.

2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి మీ అత్తావాళ్ళు సింగ్ నగర్లో మేడ మీద గడిపారు చూడు, ఆ నీళ్ళు చేరాల్సింది ఇక్కడికే. తమ్మిలేరు, రామిలేరు కూడా ఇందులోకే, బయటికి పోవడానికి మాత్రం ఒక్క ఉప్పుటేరే దారి. మధ్యలో ఎక్కడ చూసినా చేపల చెరువుల గట్లు. ఎండాకాలం సరస్సు మట్టం పడిపోతే అదే ఉప్పుటేరు సముద్రపు ఉప్పుని వెనక్కి మోసుకొస్తుంది.

1999లో ఐదో కాంటూరు (అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపొచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరని గట్లు కొట్టేశారు, తర్వాత మళ్ళీ లేచాయి. వచ్చిన కొత్తలో నేను కూడా అన్నీ కొట్టెయ్యాలనేవాణ్ణి. బాబాయ్‌కి సొసైటీ చెరువులో చిన్న వాటా ఉండేదంట, ఆ దెబ్బకి పోయింది, పక్కనే లీజుకి తీసుకున్న పెద్దాయన మాత్రం రెండేళ్ళకే మళ్ళీ మట్టి పోయించి గట్టు కట్టించుకున్నాడంట. అది విన్నాక నోరు మూసుకున్నా. ఇప్పుడైతే ముందు నీటి దారికి అడ్డంగా ఉన్న పెద్ద గట్లు తియ్యండి అంటాను, ఎవరడిగారు అనుకో.

ఇంకో తమాషా, ఇక్కడి ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) ఇనప స్టాండ్ల మీద గూళ్ళు పెడతాయి, పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు. ఆ చోటు కూడా గట్టు కట్టిన చెరువే! అక్కణ్ణుంచి ఎగిరెళ్ళి చేపల చెరువుల మీద పడతాయి, చెరువుల వాళ్ళేమో దారాలు కట్టి, టపాకాయలు కాల్చి తోలుతుంటారు. ఎవరి పక్షాన మాట్లాడాలో అర్థంకాదు రా, గూడబాతుకి కాంటూరు తెలుసా ఏంటి.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి రా, సెలవు లేదనకు. వచ్చేటప్పుడు నా రబ్బరు బూట్లు తీసుకురా, అమ్మ అటక మీద పెట్టింది. బాబాయ్ వాళ్ళింట్లో చేపల పులుసు పెట్టిస్తా, ఆ చేప సరస్సుదా చెరువుదా అని మాత్రం అడక్కు, నేనూ అడగట్లేదు.

నీ
రాజుగాడు