అమ్మలూ, చీరాలవాళ్లకి ఏం చెప్పమంటావు?

ప్రియమైన అమ్మలుకు నాన్న రాయునది. ప్రభువు నామంలో శుభములు.

మేమిక్కడ క్షేమం. అమ్మ మోకాలు అలాగే ఉంది, మెట్లెక్కొద్దంటే వినదు. బుజ్జి ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించాడు కాబట్టి ఈ ఎండాకాలం గట్టెక్కుతాం. చిన్నక్క కొడుక్కి సండే స్కూల్లో కంఠత వాక్యాలకి స్టీలు గ్లాసు ఇచ్చారు. అప్పటినుంచి వాడు అందులో తప్ప నీళ్లు తాగడంలేదు. నైట్ డ్యూటీకి తిని వెళ్తున్నావా, టీ తాగి వెళ్తున్నావా? ఫోన్ చేస్తే "వార్డులో ఉన్నా నాన్నా" అంటావు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం పడదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మొన్న ఆరాధన అయ్యాక మందిరం మెట్ల దగ్గర విమలత్త ఆపింది. "అమ్మలు చీరాల సంబంధం వద్దందంటగా అన్నయ్యా, దేవుడే వద్దని చూపించాడంటగా" అంది. మాకు తెలియని సంగతి ఆమెకెలా తెలిసిందో నేనడగలేదు. వాళ్లమ్మాయి నీ హాస్టల్లోనే ఉంది కదా. ఆ సంగతి రాద్దామని కూర్చోలేదులే. చాలా రోజులైంది కదా అని, ఊరికే.

విమలత్త మాటల్లో సగం కొట్టేసినా ఇంకో సగం మిగులుతుంది. మీ హాస్టల్లో ప్రార్థన పెట్టే అక్కెవరో నీ తలమీద చెయ్యి పెట్టి "ఇది ప్రభువు ఏర్పరచిన సంబంధం కాదు" అందట. ఆ తర్వాత నువ్వు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడితే అలాంటి వాక్యమే వచ్చిందట. అలా వేలు పెడితే సంఖ్యాకాండంలో గోత్రాల లెక్కలు కూడా రావచ్చు, అప్పుడేం అర్థం తీస్తావు? ప్రవచనాలు లేవనే మనిషిని కాదు నేను. "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అని పౌలే రాశాడు. వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని కూడా రాశాడు. ఆ అక్క అబ్బాయిని చూసిందా? పోనీ, నిన్ను ఎన్నాళ్లుగా ఎరుగును?

పెద్దత్త పెళ్లి సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. మామయ్య కంటే ముందు నెల్లూరు వైపు సంబంధం ఒకటి వచ్చింది. చూసి వెళ్లారు, నాయనమ్మ చేసిన అరిసెలు మూట కట్టించుకుని మరీ వెళ్లారు. "ప్రార్థన చేసి చెప్తాం" అన్నారు. ఈస్టరుకి చెప్తామన్నారు, ఈస్టరు పోయింది. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, తాతయ్య కళ్లజోడు వెతుక్కుంటూ వీధిలోకి వెళ్లేవాడు. చివరికి ఒక ఇన్‌లాండు కవరు వచ్చింది. "మిక్కిలి ప్రార్థించితిమి. ఇది దేవుని చిత్తము కాదని మాకు తెలియజేయబడినది" అని రెండే ముక్కలు. పెద్దత్త ఆ కవరు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంది. నాయనమ్మ అన్నం తినమంటే, "దేవుడికే నచ్చనిదాన్ని, మనుషులకేం నచ్చుతానమ్మా" అంది. ఆ మాట నేను విన్నాను. తర్వాత పెళ్లిళ్ల పేరయ్య నోరు జారాడు. వాళ్లు స్కూటరు అడిగారట, తాతయ్య ఇవ్వలేడని ఆయనే చెప్పేశాడట. స్కూటరు కోసమే అని రాసి ఉంటే తాతయ్య నాలుగు తిట్టి మర్చిపోయేవాడు. దేవుడి పేరు పెట్టి రాశారు కాబట్టి తిట్టుకునే దారి కూడా లేకుండా పోయింది.

ఆ దెబ్బతో మామయ్య సంబంధం వచ్చేసరికి నాయనమ్మకి భయం పట్టుకుంది. రెండు చీటీలు, ఒకదాని మీద "సరే", ఒకదాని మీద "వద్దు" అని రాసి బైబిల్లో పెట్టి తలకింద పెట్టుకు పడుకుంది. తెల్లారి నన్ను లేపి తియ్యమంది. "వద్దు" వచ్చింది. "వీడు నిద్రమొహంతో తీశాడు, మొహం కడుక్కుని రా" అంది. కడుక్కుని తీస్తే మళ్లీ "వద్దే". "పరగడుపున తీస్తున్నాడు" అని పాలు తాగించింది. "సరే" వచ్చేదాకా నన్ను వదల్లేదు. తాతయ్య పందుంపుల్ల నములుతూ "అబ్బాయి నీకు నచ్చాడని ముందే చెప్తే వీడికి ఈ తిప్పలు ఉండేవి కాదుగా" అన్నాడు. పెద్దత్తని మాత్రం అడిగారు. ఇష్టమే అంది. ఆ కాలంలో మా ఇంట్లో అది పెద్ద సంగతే. బైబిల్లో ఇస్సాకుకి భార్య అయిన రిబ్కా వాళ్లింట్లో కూడా అంతే కదా. కొడుక్కి పిల్లని చూడమని అబ్రాహాము పంపిన దాసుడు బావి దగ్గర అడిగిన గుర్తులన్నీ కనపడ్డాయి, అయినా చివర్లో "ఆ చిన్నదానిని పిలిచి ఆమె యేమనునో తెలిసికొందము" అన్నారు. ఆ పిల్ల నోటితో "వెళ్లెదను" అంది.

చీటీలు బైబిల్లో లేవా అంటావు. ఉన్నాయి. యూదా స్థానంలో మత్తీయను అలాగే ఏర్పరచుకున్నారు. పెంతెకొస్తు రోజు పరిశుద్ధాత్మ దిగి వచ్చిన తర్వాత అపొస్తలులు చీటీలు వేసినట్టు నాకెక్కడా కనపడదు. అపొస్తలుల కార్యములు 15లో పెద్ద గొడవ వచ్చినప్పుడు బహుగా తర్కించుకుని, చివరికి "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని ఉత్తరం రాశారు. "మాకును" అనడానికి వాళ్లు వెనకాడలేదు చూడు. గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి ఎత్తుతావేమో. దేవుడేం చెప్పాడో అతనికి ముందే తెలుసు, భయం తీరకే అది పరిచాడు. మళ్లీ సండే స్కూలు మాస్టారిలా మొదలుపెట్టావంటుంది అమ్మ.

పొద్దున్నే మిషనరీ జూయెట్ దొర కొండవైపు నడుస్తున్నాను, షుగరుకి మంచిదని. 1854 కొత్త సంవత్సరం రోజున ఆయన ఆ కొండెక్కి ఒంగోలుకి ఒక మనిషిని పంపమని ప్రార్థించాడు. ఆ ప్రార్థనకి జవాబుగా మిషనరీ క్లౌ దొరగారు ఇక్కడికొచ్చేసరికి 1866 అయింది. అమెరికాలో భూములు కొలిచిన సర్వేయరాయన. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వందల్లో వస్తుంటే, దేవుడు ద్వారం తెరిచాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన ఆపేశాడు. అన్నం కోసం వస్తున్నారో, నమ్మి వస్తున్నారో తేలాలన్నాడు. ఏడాది పైనే ఆగాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. నువ్వూ అలాగే, వద్దని ఎందుకనిపిస్తోందో కాస్త తేల్చుకో. అబ్బాయి వద్దా, వాళ్లమ్మ మాటతీరు వద్దా, పెళ్లే వద్దా, హైదరాబాదు వదలడం వద్దా? ఏదైనా ఫర్వాలేదు, నేను కేకలెయ్యను. వేరే ఎవరైనా ఉంటే అదీ చెప్పు. విశ్వాసి అయితే చాలు, అమ్మతో నేను మాట్లాడతాను. ఆ చీరాల పిల్లాడికి మాత్రం దేవుడు నిన్ను వద్దన్నాడని నా చేత చెప్పించకు. వాడికీ ఒక అక్కో చెల్లో ఉంటుంది, ఆ మాట ఇంట్లో అందరూ వింటారు.

నీ వాగ్దానం కార్డు, దేవుడి ఉద్దేశాలు మేలుకే గాని హానికి కావనే యిర్మీయా 29:11, అమ్మ ఫ్రిజ్ మీద అంటించింది. బబులోను చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరంలో మాట అది. కాస్త పైన ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి అని కూడా ఉంది. ఊరికే చెప్తున్నాను.

శుక్రవారం చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో బుజ్జి వస్తున్నాడు. గోంగూర పచ్చడి, సున్నుండలు, నీ పాత స్వెటరు పంపుతున్నాను. ఐసీయూలో ఏసీ చల్లగా ఉంటుందన్నావుగా, లోపల వేసుకో. పచ్చడిలో తడి గరిటె పెట్టకు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, సోమవారం చీరాల అబ్బాయి మావయ్య మనింటికొస్తానన్నాడు. విమలత్త వాళ్లమ్మాయి గదిలో లేనప్పుడు చెయ్యి.

నాన్న