మిగులు సామగ్రితో షంటింగ్ లేఅవుట్: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేపట్టిన ప్రధాన కార్యక్రమం ఒక్కటే. ఇళ్లలో, వర్క్‌షాపుల్లో మిగిలిపోయిన సామానుతో చిన్న షంటింగ్ లేఅవుట్ కట్టడం. అంటే చిన్న ఇంజనుతో వ్యాగన్లను ముందుకూ వెనక్కూ జరిపి కావలసిన వరుసలో పెట్టే నమూనా రైలు మార్గం. స్కేలు హెచ్.ఓ., అంటే 1:87. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. బల్ల పొడవు 1800, వెడల్పు 350 మి.మీ. సమావేశాలు, సభ్యత్వాల వివరాలు రిజిస్టరులో ఉన్నాయి కాబట్టి ఈ నివేదిక మొత్తాన్నీ ఈ నిర్మాణానికే కేటాయించాం. ఇది చదివి ఇంట్లో ఎవరికి వారు కట్టుకోగలగాలన్నది మా కోరిక.

పని మొదలయ్యేముందే ఒక నియమం పెట్టుకున్నాం. మిగులు సామాను ఎక్కడైనా వాడవచ్చు, పట్టాలు, పాయింట్లు (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల అమరిక), చక్రాలు తప్ప. ఈ మూడూ కొత్తవైనా ఉండాలి, లేదా కొలిచి చూసిన పాతవైనా ఉండాలి. బల్ల వంకరగా ఉంటే సరిచేయవచ్చు, కట్టడం బాగోకపోతే తీసేయవచ్చు. పాయింటు నాలుక (అటూ ఇటూ కదిలే పట్టా కొస) సరిగ్గా ఆనకపోతే మాత్రం ఇంజను అక్కడే పడుతుంది, మిగతా శ్రమంతా వృథా అవుతుంది. పాత పెట్టెల్లో దొరికే ఉక్కు పట్టాలను పూర్తిగా పక్కన పెట్టాం. కంకరకు పోసే జిగురు నీళ్లు తగిలితే వాటికి తుప్పు పడుతుంది. నికెల్ సిల్వర్ పట్టాలకు ఆ బాధ లేదు.

నమూనా

రైలు గుండ్రంగా తిరగాలంటే హెచ్.ఓ.లో అతి చిన్న వంపు వ్యాసార్థమే 360 మి.మీ. దాకా ఉంటుంది. అంటే బల్ల వెడల్పు దాదాపు 800కు పోతుంది. అంత చోటు లేనివారికి షంటింగ్ ఆటే సరైనది. అందుకే అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే షంటింగ్ ఆట నమూనా తీసుకున్నాం. రెండే పాయింట్లు, మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే దారులు. ఒక సైడింగులో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. ఇంజను వెనక్కి లాగే షంటింగ్ దారిలో ఇంజనూ 3 వ్యాగన్లూ పట్టాలి. మొత్తం వ్యాగన్లు 8. వాటిలో 5 చీటీల ద్వారా ఎంచి, చీటీలు వచ్చిన వరుసలోనే పొడవైన సైడింగులో నిలబెట్టాలి. అలా ఎంచే వరుసలు 6720 ఉన్నాయి. కాబట్టి ఈ చిన్న బల్ల మీద ఆట అంత తొందరగా పాతబడదు.

ఈ లెక్క కొలతల్లో తప్పకూడదు. షంటింగ్ దారిలో నాలుగో వ్యాగన్ కూడా పడితే చిక్కు తేలికైపోతుంది. వ్యాగన్‌ను కప్లింగులతో కలిపి కొలవాలి. మేం వాడిన నాలుగు చక్రాల వ్యాగన్ 115 మి.మీ., ఇంజను 120. షంటింగ్ దారికి 120, మూడు వ్యాగన్లకు 345, మొత్తం 465. చివరి బఫర్ స్టాపుతో (పట్టాల కొసన ఉండే అడ్డుతో) కలిపి 490 ఇచ్చాం. సైడింగు పొడవును పాయింటు చివరి నుంచి లెక్కపెట్టకూడదు. పక్క దారితో మధ్యగీతల దూరం 50 మి.మీ. అయ్యే చోటు నుంచి మొదలుపెట్టాలి. దానికి ఇవతల వ్యాగన్ నిలిపితే పక్క దారిలో వచ్చే ఇంజను దాన్ని రాసుకుంటుంది.

బల్ల, అతుకు

బల్లకు పాత ఫ్లష్ తలుపు వాడాం. లోపల అట్ట గళ్లు ఉండే ఇలాంటి తలుపు తేలిగ్గా, నిటారుగా ఉంటుంది. నిలువునా 350 మి.మీ. కోస్తే ఒక అంచున అసలు చట్రం కర్ర మిగులుతుంది, రెండో అంచు ఖాళీగా తెరుచుకుంటుంది. ఆ అంచు పొడవునా 30 మి.మీ. లోతు అట్ట తీసేసి, ఖాళీకి సరిపడే కర్ర బద్ద జిగురుతో దూర్చి, ఆరేదాకా బిగించాలి. అడ్డంగా కోసిన కొసలకూ ఇదే పద్ధతి. బద్ద లేని చోట స్క్రూ పట్టదు. కాళ్లు, కీళ్లు ఎక్కడ రావాలో ముందే గీసుకుని అక్కడ చెక్క నింపాలి.

మోసుకెళ్లడానికి బల్లను రెండు ముక్కలు చేశాం. సరిగ్గా నడుమ, 900 దగ్గర కోస్తే రెండో పాయింటు తెగిపోతుంది, ఎందుకంటే షంటింగ్ దారి కొస నుంచి లెక్కిస్తే అది 710 నుంచి 930 వరకు ఉంది. అందుకే 1000, 800గా విడగొట్టాం. మూడు సైడింగులూ ఆ గీతను దాదాపు లంబంగా దాటుతాయి, అంటే ఆరు పట్టాలు. ఏ లేఅవుట్‌లోనైనా గొడవ ఎక్కువ వచ్చేది ఈ అతుకు దగ్గరే. దీనికి మేం ఎక్కువ సమయం ఇచ్చాం, మీరూ ఇవ్వండి.

రెండు ముక్కలను ఒకే స్థానంలో కలిపేందుకు అదే తలుపు కీళ్లు, పిన్ను బయటికి లాగగలిగేవి, ఇరువైపులా బిగించాం. అరిగిన కీలులో అర మిల్లీమీటరు ఆట ఉన్నా చక్రం తప్పుతుంది. పిన్ను వదులైతే దాని బదులు కాస్త లావు మేకు దూర్చి చూడండి.

అతుకుకు రెండు పక్కలా మామూలు స్లీపర్లు తీసేసి, రాగిపూత సర్క్యూట్ బోర్డు మిగులు ముక్కల్ని 8 మి.మీ. వెడల్పు బద్దలుగా కోసి పెట్టాం. ప్రతి బద్దకూ పట్టాల నడుమ రాగి పొరను గీరి తెంచాలి. మర్చిపోతే రెండు పట్టాలూ షార్ట్ అవుతాయి, కాబట్టి టంకానికి ముందే మల్టీమీటరుతో చూడాలి. బద్దలను జిగురుతోనూ సన్న స్క్రూలతోనూ కింది కర్రకు బిగించాలి. పని క్రమం ముఖ్యం. బల్లలు రెండూ కలిపి బిగించి, పట్టాలను అతుకు మీదుగా ఒకే ముక్కగా పరిచి, టంకం వేసి, చల్లారాకే సన్న రంపంతో అతుకు గీత మీద కోయాలి. ముందే కోసి తర్వాత టంకం వేస్తే కొసలు ఎదురెదురుగా రావు. కోశాక పట్టా లోపలి అంచును ఆకురాయితో ఒకసారి నున్నగా తీయాలి.

కరెంటు

12 వోల్టుల డీసీ పాత అడాప్టరు, 1 ఆంపియరుది, చాలు. దాని పెట్టె తెరవకూడదు. మేం చేసిన పనంతా దాని తక్కువ వోల్టుల తీగ వైపే. అడాప్టరు తర్వాత వేగం మార్చే పీడబ్ల్యూఎం బోర్డు, ఆ తర్వాత దిశ మార్చే రెండు ధ్రువాల స్విచ్చి, పట్టాలకు వెళ్లే ఒక తీగలో 12 వోల్టుల 10 వాట్ల బల్బు వరుసలో పెట్టాం. షార్ట్ అయితే బల్బు వెలుగుతుంది, కరెంటు 0.83 ఆంపియరు దగ్గర ఆగుతుంది. తప్పు ఎక్కడో వెతికేలోపు ఏదీ కాలిపోదు.

ప్రధాన తీగలకు ఇంటి వైరింగులో మిగిలిన 1.5 చ.మి.మీ. తీగ, పట్టాలకు ఎక్కే చిన్న తీగలకు నెట్‌వర్క్ కేబుల్ లోపలి తీగలు వాడాం. ఆ కేబుల్‌లో ఎనిమిది తీగలు రంగురంగులుగా ఉంటాయి, గుర్తుపట్టడం సులభం. అయితే కొన్నిటిలో అల్యూమినియం మీద రాగిపూత మాత్రమే ఉంటుంది. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అలాంటిది రెండుసార్లు వంచితే విరుగుతుంది, టంకమూ పట్టదు, వాడవద్దు. ప్రతి పట్టా ముక్కకూ విడిగా ఒక తీగ ఎక్కించాలి. పట్టా కొసలను కలిపే జాయినర్ల మీద భరోసా పెట్టుకుంటే కంకర జిగురు వాటిలోకి దిగాక కరెంటు తెగుతుంది. టంకానికి రోజిన్ ఫ్లక్సే వాడండి, పైపులకు వాడే ఆమ్లపు ఫ్లక్స్ పట్టాను తినేస్తుంది. టంకపు కడ్డీ ఆనించే చోటుకు రెండు పక్కలా తడి దూది పెడితే స్లీపర్లు కరగవు.

పాయింట్లను పాత స్లైడ్ స్విచ్చిలతో తిప్పుతున్నాం. ఒకే కదలిక నాలుకనూ జరుపుతుంది, పాయింటు నడిమి క్రాసింగుకు (రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు) కావలసిన ధ్రువాన్నీ మారుస్తుంది. స్విచ్చి కదిలే దూరం నాలుకకు కావలసినదానికంటే ఎక్కువ. కాబట్టి కలిపే తీగ మధ్యలో చిన్న వంపు చుట్ట ఉండాలి, మిగులు కదలికను అది మింగుతుంది. క్రాసింగు నుంచి బయటికి వెళ్లే రెండు లోపలి పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు తప్పనిసరి.

కట్టడాల్లో దీపాలకు 12 వోల్టుల మీద ఒక్కో తెల్ల ఎల్ఈడీకి వరుసలో 1000 ఓముల రెసిస్టరు పెడితే సుమారు 9 మిల్లీఆంపియర్లు వెళ్తుంది. ఇంతకంటే వెలుతురు అవసరం లేదు.

నేల, కట్టడాలు

అసలు లైనులో కంకర దాదాపు 50 మి.మీ. ఉంటే 1:87లో అది 0.6 మి.మీ. లోపు. ఇసుకను కడిగి, ఆరబెట్టి, టీ వడపోత జాలీలో జల్లించి, దిగినదాన్ని పాత నైలాన్ మేజోడు మీద మళ్లీ జల్లిస్తే ధూళి పోతుంది. ఆ తర్వాత అయస్కాంతం తిప్పాలి. ఈ మెట్టు వదిలేస్తే ఇసుకలోని ఇనుప రేణువులు ఇంజను మోటారు అయస్కాంతానికి అంటుకుంటాయి. పొడిగానే కుంచెతో సర్ది, సబ్బు చుక్క కలిపిన నీళ్లు చిలకరించి, తెల్ల జిగురు ఒక వంతు, నీళ్లు రెండు వంతుల మిశ్రమాన్ని డ్రాపరుతో వేయాలి. ముందు తడపకపోతే జిగురు ముద్దలు కట్టి ఇసుకను తేలుస్తుంది. పాయింటు నాలుకల దగ్గర కంకర వేయకుండా రంగుతో సరిపెట్టాం.

గట్లకు ప్యాకింగ్ థర్మోకోల్ బాగుంటుంది. ద్రావకం ఉన్న జిగురు దాన్ని కరిగిస్తుంది, తెల్ల జిగురే వాడాలి. కోసేటప్పుడు రాలే పూసలు గేర్లలో చేరతాయి కాబట్టి పట్టాలు పరిచేముందే ఈ పని ముగించాలి. నేలకు రంగద్దిన రంపపు పొట్టు.

గోదాముల గోడలు అట్టతో. ఒక్క వైపే రంగేస్తే వంగిపోతాయి, రెండు వైపులా వేయాలి. రేకుల కప్పుకు ప్యాకింగ్ పెట్టె లోపలి ముడతలు మరీ పెద్దవి. మెత్తటి అల్యూమినియం రేకును రబ్బరు ముక్క మీద పరిచి ఎం5 మరల కడ్డీని నొక్కి దొర్లిస్తే 0.8 మి.మీ. ముడతలు పడతాయి. అది అసలు రేకు ముడత స్కేలుకు చాలా దగ్గర. గీతలు కొంచెం ఏటవాలుగా వస్తాయి, వాటికి సమాంతరంగా అంచులు కత్తిరించుకోవాలి.

వ్యాగన్లు

తేలిక వ్యాగన్లు తోసేటప్పుడు పట్టా తప్పుతాయి. అమెరికా జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం సిఫార్సు ప్రకారం హెచ్.ఓ. వ్యాగన్‌కు 1 ఔన్సు, పొడవులో ప్రతి అంగుళానికి మరో అర ఔన్సు ఉండాలి. మా 115 మి.మీ. వ్యాగన్‌కు అది సుమారు 92 గ్రాములు. పాత నట్లు, వాషర్లు నేల మధ్యలో, ఇరుసుల మీదికి సమంగా పడేలా అంటించాం.

వచ్చే ఏడాది

మూడో ముక్కగా కలిసే మరో సైడింగు ఆలోచన ఉంది, పొడవు ఇంకా తేల్చలేదు. స్టోరులో కావలసినవి: రాగి తీగ కోతలు, రెండు ధ్రువాల స్లైడ్ స్విచ్చిలు, 3 నుంచి 5 మి.మీ. కార్క్ షీటు, 12 వోల్టుల అడాప్టర్లు. అడాప్టరు తెచ్చేవారు దాని మీద వోల్టులు, ఆంపియర్లు చదవగలిగేలా ఉన్నదే తెండి. చీటీ చెరిగిపోయినవి తీసుకోవడం లేదు.