యాభై ప్లస్ ఇరవై ఎంతరా?

ఒరేయ్ మామా,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరం ఇంకా నా షర్టుల కిందే ఉంది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా నిద్ర ముంచుకొచ్చేది. ఆషాఢం వచ్చాక మరీనూ. రాత్రి మేం కొట్టు షట్టర్ దింపేసరికి మన బెజవాడ బీసెంట్ రోడ్డులో తోపుడు బళ్ళవాళ్ళు కూడా సర్దుకుని వెళ్ళిపోతున్నారు.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. చెల్లి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ గొడవలో ఉంది, ఏ కాలేజీ వస్తుందో ఏమో. గొడుగు సంగతి అడిగావు. దొరకలేదు, దొరకదు, ఇక దాని పేరెత్తకు. సరే, అసలు విషయానికొస్తా. ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా చీరల కొట్టు ముందు ఈసారి ఆషాఢం తగ్గింపుకి ‘50+20’ అని మనిషెత్తు అంకెలతో బ్యానర్ కట్టారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’. నాలుగు వేల చీర తీసుకో. సగం పోతే 2,000. ఇరవై శాతం తీసేది ఆ మిగిలిన 2,000 మీద, అంటే 400. కట్టాల్సింది 1,600. తగ్గింది మొత్తమ్మీద అరవై శాతమే. కానీ బ్యానర్ చూస్తే ఎవరికైనా డెబ్బయ్యే కనపడుతుంది. కనపడాలనే రాయించారు మరి! రాయించినవాళ్ళు ఏసీ గదిలో ఉంటారు, కింద నిలబడి సంజాయిషీ చెప్పుకునేది మేం.

ఆషాఢంలో ముహూర్తాలుండవు, పెళ్ళి బేరాలు రావు. వరలక్ష్మీ వ్రతానికి శ్రావణం స్టాక్ దిగేలోగా పాతది కదలాలి. జనానికీ ఇది తెలుసు. అందుకే యుద్ధానికొచ్చినట్టే వస్తారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం పరుపుల మీద కాలు పెట్టే చోటు లేదు. మెడలో కాసులపేరుతో ఒకావిడ వచ్చింది, వెనకాల ఫోనులోంచి తలెత్తని మొగుడు. “ఏయ్ అబ్బాయ్, అవి తియ్, ఆ పైవి, అవి కాదు దాని పక్కవి” అంటూ రాక్ మొత్తం దింపించింది. చివరికి ఒకటి పట్టుకుని “కొంగు తెలీట్లేదు, వేసుకుని చూపించు” అంది. అది మాకు రోజూ ఉండేదే. ప్యాంటు మీదే కుచ్చిళ్ళు పోసి, బెల్టులో దోపి, ఎడమ భుజం మీద కొంగేసుకుని, జారకుండా పిన్ను పెట్టుకుని నిలబడ్డా. రాణి రంగు చీర, నెమలికంఠం అంచు. నవ్వకు. కాలేజీ డే మాటెత్తావంటే చెన్నై వచ్చి మరీ చంపుతా.

“ఎంత?” అంది.

“పదహారు వందలమ్మా.”

“యాభయ్యీ ఇరవయ్యీ డెబ్బయ్. పన్నెండొందలు.”

క్యాలిక్యులేటర్ తీసి చూపించా. “నాకే లెక్కలు చెప్తావా? చీర కట్టుకుని నిలబడ్డానికే సిగ్గులేనివాడివి, నీకు అబద్ధమాడ్డానికి సిగ్గేంటి!” అని చేతిలో ఉన్న చీర నా మొహాన విసిరింది. జరీ అంచు కంటి పక్కన గీసుకుంది. ఒంటి మీద చీర విప్పేద్దామంటే ఆ పిన్ను ఎక్కడో ఇరుక్కుని ఊడదు. పెళ్ళికూతురి అలంకారంలో నిలబడే అన్నీ పడ్డా. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుంది చూశావూ, ఆవిడ మాటలకన్నా... సర్లే.

ఇంతలో మా సైరన్ వచ్చాడు (ఫ్లోర్ మేనేజర్. పోయినసారి రాశాగా వాడి గొంతు సంగతి). “సారీ మేడం, కుర్రాడు కొత్త” అన్నాడు. కొత్తట! మేడంకి సారీ చెప్పమన్నాడు, చెప్పా. ఆ చీర 1,400కి ఇచ్చి పంపించాడు.

ఇదంతా పక్క పరుపు మీద కూర్చున్న ఒక మామ్మగారు చూస్తూనే ఉంది. కంకిపాడు వైపు నుంచి వచ్చిందట. దుర్గమ్మకి ఆషాఢ సారె పెట్టడానికి మంగళగిరి చీర కావాలంది. శుద్ధ త్రయోదశి నుంచి పౌర్ణమి దాకా కొండ మీద శాకంబరీ ఉత్సవాలు కదా, ఆ రద్దీకి ముందే ఇచ్చేసి రావాలని ఆవిడ తొందర. నేను చీరల గుట్ట మడతలు పెడుతుంటే, ఎవరూ అడక్కుండానే రెండో కొస పట్టుకుంది. నాలుగైదు మడిచాక మెల్లిగా అంది: “బాబూ, అరిస్తేనే తగ్గిస్తారా మీ కొట్లో?”

నాకు తల కొట్టేసినట్టయింది. నేరుగా సైరన్ దగ్గరికెళ్ళి “ఆ పెద్దావిడకీ ఓ రెండొందలు తగ్గించండి సార్” అన్నా.

“ఏం, ఆవిడ గొడవ చేసిందా?”

“లేదు సార్.”

“మరింకేం?”

మామా, నిజంగా అదే మాట. ఇక ఆగలేకపోయా. వెనక్కొచ్చి మడతలు పెడుతున్నట్టు నటిస్తూ “మామ్మగారూ, కాస్త గట్టిగా అడగండి” అన్నా.

ఆవిడ కళ్ళజోడు తీసి సంచీలో పెట్టుకుంది. కొంగు నడుముకి దోపింది. లేచి నిలబడి “ఏవయ్యా మేనేజరూ! అమ్మవారి సారె మీద కూడా లాభం తింటావటయ్యా!” అని ఒక్క కేక పెట్టింది. బిల్లింగ్ దగ్గర క్యూ మొత్తం ఇటు తిరిగింది. సైరన్ పరుగెత్తుకొచ్చిన తీరు నువ్వు చూడాలి! రెండొందలు తగ్గించాడు, పైగా బ్లౌజు పీసు కూడా పెట్టించాడు. ఆవిడ మళ్ళీ కూర్చుని నాతో “గొంతు మండుతోంది, మంచినీళ్ళిస్తావా నాయనా” అంది.

వాడికి అనుమానం రాకపోతుందా! తెల్లారేసరికి నన్ను వాపసు కౌంటర్లో పడేశాడు. అక్కడ ఇంకో లోకం. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డుంటుంది గానీ, లోపమున్న సరుకైతే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకుని డబ్బివ్వాల్సిందే. అది న్యాయమే. కానీ నిన్న వచ్చిన చీరకి అంచు నిండా పసుపు మరకలు, మడతలో ఎండిన మల్లెపువ్వు! “కట్టనే లేదు” అని ఒట్టేస్తున్నాడు మొగుడు.

అన్నట్టు, మీ తమిళనాడులో కొట్టు పనివాళ్ళు కూర్చోవచ్చని 2021లోనే చట్టం మార్చారటగా? కేరళలో అంతకుముందే, 2018లో. మీ ఆఫీసు కింది బట్టల షాపులో నిజంగా కుర్చీలు వేశారో లేదో చూసి రాయి. మా ఫ్లోర్లో ఉన్నది ఒక్క స్టూలు, దాని మీద సైరన్ టిఫిన్ డబ్బా కూర్చుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, మన బ్యాచ్‌లో ‘అన్నవరం ప్రసాదం’ గాడికి సంబంధం కుదిరింది. పిల్ల ఎవరో తెలిస్తే నువ్వు కుర్చీలోంచి పడతావు. మనం అప్పుడు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు కొన్నప్పుడు... అబ్బా, స్టాక్ రూము తలుపు బాదుతున్నాడు. వెళ్ళాలి. మిగతాది రేపు రా