పాస్‌వర్డ్ మా కుర్రాడికి నోటికొచ్చు

సంపాదకులు గారికి,

నరసరావుపేట బస్టాండు దగ్గర 14 ఏళ్లుగా జిరాక్స్, నెట్ షాపు నడుపుతున్నాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఈఏపీసెట్ (మేమింకా ఎంసెట్ అనే అంటాం) కౌన్సెలింగ్ అయ్యేదాకా పిల్లలతో ఊపిరాడదు. పెన్‌డ్రైవ్‌లు ఇప్పుడెవరూ తేవడం లేదు. "అంకుల్, మీ వాట్సాప్ నంబరు?" అంటారు. ఆధార్, టెన్త్ మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఫొటో, సంతకం అన్నీ నా ఫోనుకు వచ్చేస్తాయి. ప్రింటు తీసిచ్చి డబ్బులు తీసుకుంటాం. పిల్లలు వెళ్లిపోతారు, ఫైళ్లు నా దగ్గరే ఉంటాయి.

ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనొచ్చు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. ఇంటర్ పిల్లలు కాబట్టి సంవత్సరం రెండు మూడు ఊహల్లో తగులుతుంది. ఇంటిపేరు ముందుందా, వెనకుందా అన్నదొక్కటే ఇబ్బంది. మా షాపు కుర్రాడు అడక్కుండానే కొట్టేస్తాడు.

పోయిన సీజన్లో ఒకాయన వచ్చాడు. కాలేజీలకు అడ్మిషన్లు చేయిస్తాడట. "అన్నా, పిల్లల పేరు, ఫోన్ నంబరు, కేటగిరీ రాసిస్తే చాలు, పేరుకు పది రూపాయలు" అన్నాడు. వద్దన్నాను. టీ తాగి వెళ్లిపోయాడు. నేనేదో గొప్ప పని చేశానని ఇది చెప్పడం లేదు. ఆ వారంలోనే 17 ఏళ్ల మా అమ్మాయికి, తన సొంత నంబరుకే ఫోన్లు మొదలయ్యాయి. ర్యాంకు చెప్పి, కులం చెప్పి, "మీ నాన్నగారి ఆదాయానికి రీయింబర్స్‌మెంట్ వస్తుంది, రూపాయి కట్టక్కర్లేదు" అన్నాడట ఒకడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. "నాన్నా, నా కాగితాలు మీరే ఎవరికైనా పంపారా?" అని నన్నే అడిగింది. ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి మళ్లీ వెళ్లి షాపులో కంప్యూటర్ తెరిచాను. డౌన్‌లోడ్స్‌లో మూడేళ్ల ఫైళ్లు! ఎవరెవరివో ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు, పొరపాటున పంపిన ఇంటి ఫొటోలు కూడా. ఫోను గ్యాలరీలో అవే మరోసారి. ఆ ఫోను మా కుర్రాడు అప్పుడప్పుడు ఇంటికి తీసుకెళ్తాడు. తెల్లవారేదాకా తుడుస్తూ కూర్చున్నాను.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, తప్పితే 200 కోట్ల వరకు జరిమానా. మా బజారులో ఆ తల్లిదండ్రులు రోడ్డు మీద బండి ఆపుకుని "ఇంకా ఎంతసేపే?" అని కేకేస్తుంటారు.

నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దని, దించుకుంటే కాపీలన్నీ పూర్తిగా తుడిచేయాలని 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటనిచ్చింది. జనం అపార్థం చేసుకుంటారంటూ రెండు రోజులకే కేంద్రం ఆ ప్రకటన మొత్తాన్ని వెనక్కి తీసుకుంది. నా మటుకు నాకు, ఆ తుడవమన్న మాట ఒక్కటైనా ఉంచాల్సింది. కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో ఎన్నో సూచనలు వేస్తారు, "షాపులో మీ ఫైలు తుడిపించుకుని వెళ్లండి" అని ఒక్క లైను వేయడానికి అధికారులకు ఏం ఖర్చు? చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఒకటుందని మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ప్రింటవగానే మానిటర్ పిల్లలవైపు తిప్పి, వాళ్ల ముందే డిలీట్ చేస్తున్నాను, రీసైకిల్ బిన్‌తో సహా. వారం తర్వాత వాళ్లే వచ్చి "అంకుల్, మొన్నటి ఫైలుందా?" అంటున్నారు. లేదంటే విసుక్కుని పక్క షాపుకు పోతున్నారు. అక్కడ ఉంటుంది.

(పేరు ప్రచురించవద్దని మనవి)
ఒక జిరాక్స్ షాపు యజమాని, నరసరావుపేట