నాలుగు గంటల దారికి ఇరవై ఏడు గంటలు

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మీరు మా శ్రీకాకుళం ఎంపీ, మా జిల్లా బిడ్డ. అందుకే ఇది ఢిల్లీకి కాక మీ సొంతూరు నిమ్మాడకే రాస్తున్నట్టుంది.

మాది సోంపేట దగ్గర పల్లె. నేను బడిలో లెక్కలు చెబుతాను. తమ్ముడు దుబాయిలో వెల్డరు. మా ఉద్దానం ప్రాంతంలో ఏ వీధికి వెళ్ళినా ఇలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుందని మీకు తెలుసు.

విశాఖ నుంచి దుబాయికి దూరం ఎంతో అక్షాంశ రేఖాంశాలు పెట్టి నేనే కట్టి చూశాను. సుమారు 3,000 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు దాటి పోయే విమానానికి, లేవడం దిగడం కలుపుకుని, నాలుగు గంటల దారి. చలికాలంలో అంత ఎత్తున పడమటి గాలి బలంగా వీస్తుంది కనుక దుబాయి వెళ్ళేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

నాన్న పోయారని తమ్ముడికి ఫోను చేసినప్పుడు నేను ఈ నాలుగు గంటలనే లెక్కలో పెట్టుకున్నాను. వాడికి దొరికింది హైదరాబాదు మీదుగా టికెట్టు. అర్ధరాత్రి దాటాక అక్కడ దిగాడు. విశాఖ విమానం కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. విశాఖ నుంచి శ్రీకాకుళానికి ఒక బస్సు, అక్కడి నుంచి మా ఊరికి మరొకటి. దుబాయిలో గది తలుపు వేసిన క్షణం నుంచి మా గుమ్మం తొక్కేసరికి 27 గంటలు. అప్పటికి చితి చల్లారుతోంది.

ఆ తర్వాత చాలా రోజులు ఈ లెక్క నన్ను వదల్లేదు. దుబాయి నుంచి హైదరాబాదుకు సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖకు 510. నేరుగా వచ్చే దారికన్నా పెరిగింది 60 కిలోమీటర్లే! మమ్మల్ని దూరం చేసింది ఆకాశం కాదు, కలవని విమాన వేళలు, రాత్రిపూట దొరకని బస్సు.

టికెట్టు మీద వేళలు కూడా మా వాళ్ళను తికమక పెడతాయి. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ పదింటికి బయలుదేరిన విమానం అక్కడ పన్నెండున్నరకు దిగుతుందని చదివి, రెండున్నర గంటలే కదా అని అమ్మ సంబరపడేది. ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం ఏ టికెట్టు మీదా ఉండదు.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన విమానాశ్రయంలో 3.8 కిలోమీటర్ల రన్‌వే వేశారు. పెద్ద విమానాలకు అది చాలు. అక్కడి నుంచి గల్ఫ్‌కు నేరుగా, ఏడాది పొడవునా విమానాలు నడిచేలా సంస్థలతో మాట్లాడండి. అంతకన్నా ముందు, ఆ విమానాలు దిగే వేళకు ఇచ్ఛాపురం దాకా జాతీయ రహదారి మీద బస్సు సిద్ధంగా ఉండేలా రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఏర్పాటు చేయండి. పలాస, సోంపేట వైపు రైలెక్కేవారికి విజయనగరం స్టేషను సుమారు 25 కిలోమీటర్లు. అక్కడికి అర్ధరాత్రి కూడా ఒక బస్సు తిరగాలి.

తమ్ముడు నాన్న సంవత్సరీకానికి వస్తానన్నాడు. ఎన్నింటికి ఇల్లు చేరతాడని అమ్మ ఇప్పటి నుంచే అడుగుతోంది.

ఇట్లు,
సోంపేట మండలం నుంచి ఒక లెక్కల టీచరు