గడపకు పూసిన పసుపు రంగు గురించి మంత్రి గారికి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పోయిన ఏడాది మా చిన్నమ్మాయిని ఏడో నెలలో పురిటికి తీసుకొచ్చాం. ఆడపిల్ల కానుపుకి వస్తోందంటే ఇంటికి రంగులు వేయించడం మామూలే కదా. నేనూ మొదలుపెట్టాను. పెయింటర్లు చెప్పిన రోజుకి పూర్తిచేయడం ఎక్కడైనా ఉందా? అమ్మాయి వచ్చేసరికి గోడలైతే అయ్యాయి గానీ తలుపులు, కిటికీ ఊచలు, గడపలు మిగిలిపోయాయి. 1991లో కట్టిన ఇల్లు. పెచ్చులూడుతున్న పాత ఆయిల్ పెయింట్‌ని కుర్రాడు ఎమరీ పేపర్ పెట్టి రెండు రోజులు గీకాడు. హాలంతా పొడి. అమ్మాయి ఆ హాల్లోనే ఫ్యాను కింద కూర్చుని సీమంతం చీరలు చూసుకుంటోంది.

మా టెన్షన్ అంతా వాసన గురించే. థిన్నర్ వాసనకి తల తిరుగుతుందని కిటికీలన్నీ తీసి పెట్టాం. వాసన పోతే గండం గడిచినట్టే అనుకున్నాం.

ఆ సాయంత్రం న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మాయి వీడియో కాల్‌లో ఆ పొడి చూసి, పాత పెయింట్‌లో సీసం (లెడ్ అనే విషపు లోహం) ఉండొచ్చని కేకలేసింది. అమెరికాలో ఇళ్లకు సీసం కలిపిన పెయింట్‌ని 1978లోనే నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లు అద్దెకిస్తే ఆ ప్రమాదం గురించి చిన్న పుస్తకం చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. తనకీ అలాగే ఇచ్చారట. చిన్నదాన్ని ఆ రాత్రే మా తమ్ముడి ఇంటికి పంపేశాను.

తర్వాత కూర్చుని చదివాను. సీసానికి వాసన ఉండదు. పొడిగా మారి నేల మీద, పరుపు మీద, చేతుల మీద ఉండిపోతుంది. ఒంట్లోకి వెళ్తే కాల్షియంలాగే ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి కూర్చుంటుంది. కడుపులో బిడ్డ కోసం తల్లి ఎముకలు కాల్షియం వదిలినప్పుడు దాంతో పాటు అదీ రక్తంలోకి దిగి, మాయ దాటి బిడ్డను చేరుతుంది. గర్భస్రావం, నెలలు నిండకముందే కానుపు, బిడ్డ మెదడు ఎదుగుదలలో లోపం, ఇవన్నీ దానివల్ల రావచ్చు. రక్తంలో ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అనదగ్గ స్థాయే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నా గుండె గుభేలుమన్నది మాత్రం గడప దగ్గర. సీసం ఎక్కువగా వాడింది మెరిసే పసుపు, ఎరుపు ఆయిల్ రంగుల్లోనే. రోజూ పసుపు రాయలేక మనం గడపకి పూయించేది ఆ పసుపు పెయింటే, పెట్టించేది ఆ ఎర్ర బొట్లే. గడప దాటితే గారెలు వండి పంచుతాం. దాటే ముందు బిడ్డ ఆ గడపని పట్టుకుని నాకుతాడు కూడా. నేను గడపలు మార్పించి మళ్లీ పసుపులోకి దిగాను. పసుపులోనూ సీసం రంగు కలిపే ఘనులున్నారని చదివి, కొమ్ములు కొని ఆడించుకున్నాం, అది వేరే కథ.

చట్టం లేక కాదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 దాటకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. 2017 నవంబరు నుంచి అవి అమల్లో ఉన్నాయి. ఆ మాట డబ్బా మీద అచ్చు వేయాలి కూడా. మా ఊరి షాపులో చవకరకం ఎనామెల్ డబ్బాలు మూడు తిప్పి చూశాను, ఒకదాని మీద ఆ ముక్కే లేదు. ఇది మీ శాఖ పని కాదని తెలుసు, కాలుష్య నియంత్రణ మండలి వారికి మీరొక మాట చెబితే చాలు. అయినా కొత్త డబ్బాల సంగతి తేలినంత మాత్రాన 2017కు ముందు తలుపులకెక్కిన రంగు ఎక్కడికీ పోదు. గీకిన ప్రతిసారీ అది లేస్తుంది.

మీ శాఖ చేతిలో ఉన్నది తల్లీబిడ్డల కార్డు. మా అమ్మాయి కార్డు మొదటి నుంచి చివరిదాకా చదివాను. బరువు, బీపీ, టీకాలు, ఐరన్ మాత్రలు అన్నీ ఉన్నాయి. ఇంట్లో రంగుల పని జరుగుతోందా అన్న ప్రశ్న కనబడలేదు. ప్రతి నెలా వచ్చి పలకరించిన ఆశా కార్యకర్తని నేను తప్పుపట్టను, అడగమని ఆవిడకెవరు చెప్పారు? నిజానికి ఆవిడ ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు సీసం ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటాయి. ఆ సంగతి చెబితే మాత్రలు చెత్తబుట్టలో పడేసే అమ్మాయిలు కూడా మింగుతారేమో.

ఏడో నెలలో అడిగితే ఆలస్యం, అప్పటికి పెయింటరు ఇంట్లో ఉంటాడు. నాలుగో నెలలోనే అడగాలి. కార్డు మళ్లీ అచ్చు వేసేటప్పుడు పనికొస్తుందని, పిల్లలకు నోట్సు చెప్పిన అలవాటుతో ఆ వాక్యాలు నేనే రాసి పంపుతున్నాను:

“పురిటికి వెళ్లే ఇంట్లో పాత రంగు గీకుతున్నారా? తడిపి గీకమనండి, పొడిగా గీకవద్దు. ఆ పని అయి, తడిగుడ్డతో ఇల్లంతా తుడిచేదాకా గర్భిణి, చిన్నపిల్లలు వేరే ఇంట్లో ఉండాలి.”

ఇట్లు,
ఒక తాత